అంతరించిపోతున్న గుర్రం వంశాన్ని కొబ్బరితోటలో నిలబెట్టగలమా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులు, వాటి పక్కనే కొంత కొబ్బరితోట ఉన్నాయి. మా నాన్నగారి రోజుల నుంచి ఇంట్లో జాతి పుంజుల్ని పెంచే అలవాటు. ఈమధ్య హైదరాబాద్‌లో ఉండే మా బావమరిదితో కలిసి మలక్‌పేట రేసులకు వెళ్తున్నాను. అక్కడ పరిచయమైన ఒకాయన, విదేశంలో బయర్లీ టర్క్ వంశపు స్టాలియన్ (పిల్లల కోసం ఉంచే మగగుర్రం) ఒకటి చౌకగా అమ్మకానికి ఉందని చెబుతున్నాడు. ఆ వంశం ప్రపంచంలో ఆఖరి దశలో ఉందట. ఇప్పుడు తెప్పిస్తే పదేళ్లలో దాని పిల్లల రేటు ఎక్కడికో వెళ్తుందట. కొందరం వాటాలు వేసుకుని కొందామని, నా వాటాకు అడ్వాన్స్ ఇమ్మని అడుగుతున్నాడు. ఇందులో నిజమెంత? గుర్రాన్ని మా తోటలోనే షెడ్డు వేసి పెంచవచ్చా? (పేరు ప్రచురించవద్దని కోరారు. రాజుగారు అని పిలిస్తే చాలన్నారు.)

సమాధానం: రాజుగారూ, అడ్వాన్స్ ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే రసీదు జాగ్రత్త చేసుకుని మిగతా డబ్బు ఆపండి. అలాగని ఆయన మీకు పచ్చి అబద్ధం చెప్పాడని అనను. చెప్పినదాంట్లో మొదటి సగం నిజమే. మీ డబ్బుకు ఎసరు పెట్టేది రెండో సగం.

ముందు నిజమైన సగం చూద్దాం. పందేల్లో పరిగెత్తే థరోబ్రెడ్ జాతి గుర్రాన్ని దేన్నయినా తీసుకుని దాని తండ్రి, తాత, ముత్తాత అంటూ మగవైపు లెక్క కట్టుకుంటూ పైకి వెళ్తే చివరికి మూడు గుర్రాల్లో ఏదో ఒకదాని దగ్గర ఆగుతాం. 1690లో ఐర్లండ్‌లో జరిగిన బాయిన్ యుద్ధంలో కెప్టెన్ బయర్లీ ఎక్కిన గుర్రం ఒకటి. థామస్ డార్లీ సిరియాలోని అలెప్పోలో కొని 1704లో ఇంగ్లండ్‌కు పంపించిన గుర్రం రెండోది. ఫ్రాన్స్ మీదుగా వచ్చి లార్డ్ గొడాల్ఫిన్ చేతికి చేరింది మూడోది. ఆ కాలంలో తూర్పు దేశాల నుంచి ఇంగ్లండ్‌కు మగగుర్రాలు ఇంకా చాలా వెళ్లాయి. వాటి మగ సంతతి ఎక్కడికక్కడ తెగిపోయింది. ఈ మూడింటిలో కూడా ఒక్కోదానికి ఒక్క కొమ్మే మిగిలింది. డార్లీ అరేబియన్‌కు 1764లో పుట్టిన ఎక్లిప్స్, బయర్లీ టర్క్‌కు 1758 నాటి హెరడ్, గొడాల్ఫిన్ అరేబియన్‌కు 1748 నాటి మ్యాచెమ్. ఇవాళ థరోబ్రెడ్లలో నూటికి 95 దాకా డార్లీ వైపువే. మిగతా రెండూ కలిసి ఆ కొసరులో సర్దుకోవాలి. కాబట్టి బయర్లీ వంశం సన్నబడిపోయిందన్న మాట వాస్తవం.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఎక్లిప్స్ పందేల్లో ఓటమి ఎరగని గుర్రమే. కానీ స్టాలియన్‌గా, అంటే పిల్లలు గెలిచిన పందేల లెక్కలో, తన కాలంలో ఒక్క ఏడాది కూడా మొదటి స్థానం దక్కించుకోలేదు. ఆ స్థానం హెరడ్‌ది, ఆ తర్వాత హెరడ్ కొడుకు హైఫ్లయర్‌ది. 1780 ప్రాంతంలో ఎవరైనా వచ్చి ఏ వంశం మీద డబ్బు పెట్టమంటారని అడిగితే, తెలిసినవాళ్లంతా ఇవాళ మీకు అమ్మజూపుతున్న ఆ బయర్లీ వంశాన్నే చూపించేవాళ్లు. మగవంశం భవిష్యత్తును చెప్పగలిగినవాడు ఆనాడూ లేడు, ఈనాడూ లేడు. మీ బ్రోకర్‌కు మాత్రం పదేళ్ల తర్వాతి రేటు కూడా తెలిసిపోయింది, సంతోషం.

అసలు మగవంశం ఎందుకు తెగుతుంది? గుర్రం మంచిది కాకపోవడం వల్లే అయితే లెక్క సులువుగా ఉండేది. 1881లో పుట్టిన సెయింట్ సైమన్ సంగతి చూడండి. 1883లో పోర్ట్‌లండ్ డ్యూక్ దాన్ని 1,600 గినీలకు కొన్నాడు. అది పందెం ఓడింది లేదు. స్టాలియన్‌గా తొమ్మిదిసార్లు ఇంగ్లండ్‌లో మొదటి స్థానంలో నిలిచింది. అంత పేరు రాగానే అందరూ తమ ఆడగుర్రాల్ని దానికీ, దాని కొడుకులకీ కట్టించారు. ఇరవై, ముప్పై ఏళ్లు తిరిగేసరికి ఇంగ్లండ్‌లో ఎటు చూసినా దాని మనవరాళ్లే. దాని కొడుకులకీ మనవలకీ కట్టించడానికి బయటి రక్తం ఉన్న ఆడగుర్రాలు కరువయ్యాయి. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఇంగ్లండ్‌లో ఆ మగవంశం కుప్పకూలింది. మరీ ఎక్కువ గెలవడమే దాని కొంప ముంచింది. నిలిచింది బయటి దేశాల్లో. 1952లో పుట్టిన ఇటలీ వాళ్ల గుర్రం రీబో 16 పందేలు పరిగెత్తి 16 గెలిచింది, అది ఈ వంశందే.

దీనికి ఒక కొసమెరుపు ఉంది. పుస్తకాల ప్రకారం సెయింట్ సైమన్ డార్లీ వంశపు గుర్రం. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్లే వై క్రోమోజోమ్‌ను పరీక్షించి 2019లో వియన్నా పరిశోధకులు తేల్చిందేమిటంటే, ఆ శాఖ నిజానికి బయర్లీ టర్క్‌కు చెందింది. ఎప్పుడో ఎవరో ఒక తండ్రి పేరు తప్పు రాశారు. ఆ రాత ప్రకారమే లోకమంతా వందేళ్లకు పైగా నడిచింది. మీ బ్రోకర్ ‘ఆఖరి గుర్రం’ అన్నప్పుడల్లా ఈ సంగతి గుర్తు చేసుకోండి.

మగవంశం తెగిందంటే ఆ గుర్రం రక్తమే పోయిందని కూడా కాదు. 1973లో అమెరికాలో మూడు పెద్ద పందేలూ గెలిచిన సెక్రటేరియట్‌ను ఆ ఏడాది వసంతానికి ముందే 32 వాటాలుగా, ఒక్కో వాటా 1,90,000 డాలర్లకు అమ్మారు. లెక్క వేస్తే 60 లక్షల డాలర్లు దాటింది, అప్పట్లో అది రికార్డు. కొడుకుల్లో దాన్ని మించినవాడు రాలేదు. మగవైపు చూస్తే వంశం దాదాపు తెగిపోయినట్టే. కానీ దాని కూతుళ్లు కన్న పిల్లలు ఎవరో చూడండి: ఏ.పీ.ఇండీ, స్టార్మ్ క్యాట్, గాన్ వెస్ట్. అమెరికా గుర్రాల చరిత్ర తెలిసినవాళ్లకు ఈ మూడు పేర్లు చాలు. మీరు పుంజుల ఇంట్లో పుట్టారు కాబట్టి ఇది మీకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. బరిలో గెలిచిన డేగనో నెమలినో చూసి మురిసిపోయేవాళ్లు వేరు, దాని తల్లి పెట్ట ఎవరింటిదని ఆరా తీసేవాళ్లు వేరు. మీ నాన్నగారు ఏ కోవకు చెందినవారో మీకే తెలుసు.

హైదరాబాద్‌లోనో పుణెలోనో గుర్రప్పిల్లల వేలం కేటలాగ్ దొరికితే ఒక పేజీ తిరగేయండి. పైభాగంలో తండ్రి గురించి నాలుగు ముక్కలు ఉంటాయి. ఆ కింద పేజీ అంతా తల్లి, తల్లికి తల్లి, ఆమెకు తల్లి, వాళ్లు కన్న ప్రతి పిల్ల, అది గెలిచిన పందేలు. పెద్ద పందెం గెలిచినవాటి పేర్లు ముద్దక్షరాల్లో నల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. కొనేవాడి వేలు ముందుగా ఆ నల్ల అక్షరాల మీదికే పోతుంది. ఒకే తండ్రి పిల్లలు ఆ వేలంలో పదో పన్నెండో ఉండవచ్చు. ఒకటి లక్షల్లో పోతుంది, ఇంకోదానికి అడిగేవాడు ఉండడు. తేడా అంతా కింది భాగంలో ఉంటుంది.

ఇక స్టాలియన్‌ను కొనే సంగతికి వద్దాం. పేరున్న గుర్రాన్ని కొన్నంత మాత్రాన డబ్బు రాదనడానికి బోలెడు ఉదాహరణలున్నాయి. వరసగా 16 పందేలు గెలిచిన సిగార్‌ను 1997లో ఆడగుర్రాలకు కట్టించారు. ఒక్కటీ చూడి కట్టలేదు. ఇన్సూరెన్స్ కంపెనీలు రెండున్నర కోట్ల డాలర్లు చెల్లించుకున్నాయి. 2002 కెంటకీ డెర్బీ గెలిచిన వార్ ఎంబ్లమ్‌ను జపాన్ వాళ్లు కోటీ 70 లక్షల డాలర్లకు పైగా పెట్టి తీసుకెళ్లారు. దానికి ఆడగుర్రమంటేనే గిట్టదు. ఎక్కువ ఆడగుర్రాల వైపు తలెత్తి కూడా చూడలేదు. ఏళ్ల తరబడి అక్కడ ఉండి కన్న పిల్లలు వందకు కాస్త పైన. 2006లో గ్రీన్ మంకీ అనే రెండేళ్ల పిల్లను వేలంలో కోటీ 60 లక్షల డాలర్లకు పాడారు. అది జన్మలో ఒక్క పందెం గెలవలేదు. వీళ్లంతా మనకంటే తెలివితక్కువవాళ్లు కారు. వెనక డాక్టర్లు, లాయర్లు, ఇన్సూరెన్సు అన్నీ ఉన్నవాళ్లే.

పోనీ నెగ్గినవాళ్లు ఎలా నెగ్గారు? సండే సైలెన్స్ 1989లో కెంటకీ డెర్బీ గెలిచినా అమెరికాలో దాని వాటాలు కొనేవాళ్లు లేకపోయారు. కాళ్లు బాగోలేవన్నారు, తల్లివైపు గొప్పది కాదన్నారు. జపాన్‌కు చెందిన జెన్యా యోషిదా కొని హొక్కైడో తీసుకెళ్లాడు. 1995 నుంచి 2007 దాకా ఏటా జపాన్‌లో మొదటి స్టాలియన్ అదే. మన దేశంలో రజీన్ కథ కూడా అలాంటిదే. నార్తర్న్ డాన్సర్ కొడుకు, 1990 ఎప్సమ్ డెర్బీలో ఫేవరెట్‌గా దిగి ఎక్కడో వెనక వచ్చింది. ఇంగ్లండ్ వాళ్లకు అక్కర్లేకపోయింది. ఉషా స్టడ్ అనే గుర్రాల పెంపకం ఫారానికి వచ్చి ఇక్కడ ఏళ్ల తరబడి అగ్రస్థానంలో నిలిచింది. ‘చూశారా, పనికిరాదన్న గుర్రమే ఇక్కడ బంగారం పండించింది’ అని మీ బ్రోకర్ ఇదే కథ మీకు చెప్పి ఉంటాడు. అతను చెప్పకుండా వదిలేసేది ఒకటుంది. యోషిదాకు సొంతంగా మేలైన ఆడగుర్రాల మంద ఉంది. ఉషా స్టడ్‌కూ ఉంది. వచ్చిన స్టాలియన్‌కు మొదటి ఏడాదే తమ మంచి ఆడగుర్రాల్ని కట్టించారు. ఆ రక్తం అక్కడ కొత్తది కాబట్టి దగ్గరి సంబంధాల బెడదా లేదు.

మరి మీ స్టాలియన్‌కు ఆడగుర్రాలు ఎక్కణ్నుంచి వస్తాయి? మన దేశంలో మేలైన ఆడగుర్రాలు పుణె చుట్టుపక్కల, హర్యానాలో, కర్ణాటకలో పెద్ద స్టడ్ ఫారాల్లో ఉంటాయి. వాళ్లకు సొంత స్టాలియన్లు ఉన్నాయి. వాటిని వదిలేసి, ఒక ఆడగుర్రాన్ని లారీ ఎక్కించి భీమవరం దాకా ఎవరు పంపిస్తారు చెప్పండి?

వీర్యం పంపిస్తే సరిపోదా అంటారేమో. సరిపోదు. మన పశువుల ఆస్పత్రిలో గేదెకు చేయించే కృత్రిమ గర్భధారణ థరోబ్రెడ్‌కు ప్రపంచంలో ఎక్కడా చెల్లదు. అలా పుట్టిన పిల్లను పుణెలో గుర్రాల వంశావళి రాసే స్టడ్ బుక్ వాళ్లు నమోదు చేయరు, నమోదు లేకపోతే పందెంలో దిగనివ్వరు. తల్లిదండ్రులెవరో డీఎన్‌ఏతో సరిచూస్తారు కూడా. కాబట్టి కలవడం ఎదురెదురుగానే జరగాలి. ముందు టీజర్ అనే మామూలు మగగుర్రాన్ని తెచ్చి ఆడగుర్రం సిద్ధంగా ఉందో లేదో చూస్తారు. పాపం, దాని పని అంతవరకే. తర్వాత ఆడగుర్రం తోకకు బట్ట చుట్టి, తన్నినా దెబ్బ తగలకుండా వెనక కాళ్లకు మెత్తటి బూట్లు తొడిగి, పట్టుకోవడానికి ఇద్దరు, స్టాలియన్ పగ్గం దగ్గర ఒకరు, పక్కన డాక్టరు. అర టన్ను బరువున్న జంతువు ముందుకాళ్లు పైకెత్తి లేస్తుంది. నేల జారిందంటే ఆ కోట్ల రూపాయల కాలు పుటుక్కుమంటుంది. స్టాలియన్ చచ్చిపోయిన రోజుతో ఆ కథ ముగిసినట్టే. మగవంశాలు పుటుక్కున తెగడానికి ఇదీ ఒక కారణం.

పశువుల విషయంలో అయితే కృత్రిమ గర్భధారణ చెల్లదన్న నిబంధన లేదు. బ్రెజిల్‌లో నెలోర్ అని పిలిచే కోట్ల పశువులకు మూలం మన ఒంగోలు జాతి. 1960ల మొదట్లో అక్కడికి వెళ్లిన ఆబోతుల్లో ఒకదాని పేరు కరవది, ఇంకోదాని పేరు గోదావరి. వాటి వంశాలు అక్కడ నేటికీ లెక్కలోకి వస్తాయి. అవి వెళ్లేసరికే అక్కడ ఆ జాతి ఆవులు ఉన్నాయి, కొడుకుల్ని ఆబోతులుగా నిలబెట్టే ఓపిక ఉంది, మేయడానికి నేల ఉంది.

సమయం లెక్క కూడా వేసుకోండి. ఒక ఫిబ్రవరిలో కట్టిస్తే 11 నెలలకు పిల్ల పుడుతుంది. జనవరి 1తో గుర్రాల వయసు ఒక ఏడాది పెరిగినట్టు లెక్క. ఇండియన్ డెర్బీ నాలుగేళ్ల గుర్రాల పందెం, ముంబైలో ఫిబ్రవరిలో జరుగుతుంది. అంటే కట్టించిన రోజు నుంచి డెర్బీ రోజు దాకా ఐదేళ్లు. మొదటి కాన్పు పిల్లలు పరుగులో ఏం చేస్తాయో తెలిసేలోపే స్టాలియన్ మీద జనానికి మోజు తగ్గుతుంది, రెండో ఏడు, మూడో ఏడు వచ్చే ఆడగుర్రాలు తగ్గుతాయి. పెద్ద ఫారాలు ఈ కరువు కాలాన్ని సొంత ఆడగుర్రాలతో నెట్టుకొస్తాయి. రొయ్య రేటు పడిపోయిన ఏడాది మీరు ఎలా నెట్టుకొస్తారు?

సన్నటి దారం మీద నిలిచిన వంశాలు లేకపోలేదు. గొడాల్ఫిన్ వంశం అమెరికాలో మాన్ ఓ వార్ మీదుగా వచ్చింది. మూడు పెద్ద పందేలు గెలిచిన దాని కొడుకు వార్ అడ్మిరల్ పేరు అందరికీ తెలుసు. కానీ ఇవాళ్టి దారం అంత పేరు లేని ఇంకో కొడుకు వార్ రెలిక్ నుంచి వచ్చింది. అక్కణ్నుంచి కొన్ని తరాలకు ఇన్ రియాలిటీ, తర్వాత రీలాంచ్, సీజ్ టిజ్జీ, చివరికి 2000, 2001లో వరసగా అమెరికాలోని పెద్ద పందెం బ్రీడర్స్ కప్ క్లాసిక్ గెలిచిన టిజ్‌నౌ. బయర్లీ వైపు 1992 ఎప్సమ్ డెర్బీ గెలిచిన డాక్టర్ డీవియస్ ఉంది. జపాన్‌లో 1984లో ఓటమి లేకుండా మూడు పెద్ద పందేలూ గెలిచిన సింబోలి రుడాల్ఫ్, దాని కొడుకు టోకాయ్ తేయో కూడా ఈ వంశానివే. టోకాయ్ తేయో మగవంశం ఆగిపోతుందని అక్కడి అభిమానులు చందాలు పోగేసి, దాని కొడుకుల్లో క్వైట్ ఫైన్ అనేదాన్ని 2020లో స్టాలియన్‌గా నిలబెట్టారు. ఆ గుర్రం పందేల్లో గొప్పదేమీ కాదు. చందా ఇచ్చినవాళ్లెవరూ రేటు పెరుగుతుందని ఇవ్వలేదు, పోయిన డబ్బు అనుకునే ఇచ్చారు. మీకూ ఆ ఉద్దేశమే ఉంటే అది వేరే లెక్క, దానికి నేను అడ్డు చెప్పను. కానీ మీ ఉత్తరంలో ‘రేటు’ అన్న మాట ఉంది.

తోటలో పెంచే సంగతి. ఇది ఇంకా కష్టం. మన నల్లరేగడి వర్షాకాలమంతా బురద. ఆ తడిలో నిలబడితే గిట్టల అడుగు కుళ్లుతుంది. చెరువుల పక్కన జోరీగలు ఎలా ఉంటాయో నేను చెప్పాలా? అవి సర్రా జబ్బును ఒక పశువు నుంచి ఇంకోదానికి అంటిస్తాయి, అది గుర్రానికి ప్రాణం మీదికి తెస్తుంది. మే నెల ఉక్కపోతకు కొన్ని గుర్రాలకు చెమట పట్టడమే ఆగిపోతుంది. చెమట లేకపోతే ఒళ్లు చల్లబడదు, పరిగెత్తకుండానే రొప్పుతాయి.

మేత దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. మనవైపు తవుడు పుష్కలం కదా అని బక్కెట్ల కొద్దీ పెడతారు. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. గేదె తట్టుకున్నట్టు గుర్రం తట్టుకోదు. రోజూ అదే పెడితే గుర్రం తన ఎముకల్లోని కాల్షియాన్ని తోడుకుంటుంది. కొన్ని నెలలకు దవడ, ముక్కు ఎముక ఉబ్బి తల పెద్దదిగా కనిపిస్తుంది, కుంటడం మొదలవుతుంది. నేపియర్ గడ్డి, పారా గడ్డి లాంటివాటిలో ఉండే ఆక్సలేట్లు కూడా ఇదే తంటా తెస్తాయి. వరిగడ్డి కడుపు నింపుతుంది గానీ బలమివ్వదు. ఎక్కువ తిని నీళ్లు తక్కువైతే పేగులో అడ్డుపడి కడుపునొప్పి వస్తుంది. గుర్రం వాంతి చేసుకోలేదు. ఆ రాత్రి గుర్రాల వైద్యం తెలిసిన డాక్టరు అందకపోతే తెల్లారేసరికి చేతులెత్తేయాల్సిందే.

అయినా ఆ స్టాలియన్ మీద మనసు చావకపోతే బ్రోకర్‌ను నాలుగు కాగితాలు అడగండి. గుర్రం పాస్‌పోర్టు, స్టడ్ బుక్ నమోదు. గత రెండు సీజన్లలో ఎన్ని ఆడగుర్రాలకు కట్టించారు, వాటిలో ఎన్ని చూడి కట్టాయి, ఎన్ని పిల్లలు బతికున్నాయి అన్న లెక్క, సంతకంతో. అమ్మకందారు వెట్‌తో కాకుండా మీరు పెట్టుకున్న వెట్‌తో చేయించిన పరీక్ష. సంతాన సామర్థ్యానికి ఇన్సూరెన్స్ ఎవరు ఇస్తున్నారో ఆ పత్రం. ఇవి అడిగాక ఫోన్ ఎత్తడం మానేస్తే మీ పని అయిపోయినట్టే.

నన్నడిగితే, ఆ డబ్బులో చిన్న భాగంతో ఇద్దరు ముగ్గురు నమ్మకస్తులతో కలిసి ఒక ఆడగుర్రాన్ని కొనండి. పందేలు బాగా గెలిచింది కాకపోయినా ఫరవాలేదు. తల్లి, అమ్మమ్మ గెలిచే పిల్లల్ని కన్నవై ఉండాలి, కేటలాగ్‌లో ఆ నల్ల అక్షరాలు కనబడాలి. దాన్ని పుణె వైపో కర్ణాటకలోనో స్టడ్ ఫారంలోనే ఉంచి, నెలనెలా మేత ఖర్చు కట్టండి. స్టాలియన్ ఫీజు ఆ ఏటికి కడితే చాలు, స్టాలియన్ నచ్చకపోతే వచ్చే ఏడు మార్చుకోవచ్చు. పిల్లను ఏడాది వయసులో వేలంలో అమ్మవచ్చు, లేదా మీ రంగుల చొక్కా తొడిగిన జాకీతో మలక్‌పేటలో పరిగెత్తించుకోవచ్చు. దీంట్లోనూ నష్టం రావచ్చు, కానీ చెరువు అమ్ముకునేంత రాదు. మీకు ఇష్టమైతే బయర్లీ శాఖ స్టాలియన్ ఎక్కడైనా తగిలినప్పుడు ఒక సీజన్ దానికి కట్టించి చూడండి. ఆ కోరికా తీరుతుంది.

ఇంటి ముందు గుర్రం కట్టేసి ఉంటే చూడాలని మాత్రమే ఉంటే, రేసుల నుంచి విరమించిన నెమ్మదైన గుర్రాన్ని ఒకదాన్ని తెచ్చుకోండి. స్టాలియన్ కాదు, విత్తులు కొట్టించింది. మెరక మీద, కింద ఇసుక పోసిన షెడ్డు వేయించండి, తవుడు తగ్గించండి, పొడిగడ్డి బయట నుంచి తెప్పించండి. కొనేముందు ఒక్కటి ఖాయం చేసుకోండి: దాని గిట్టలు చెక్కి లాడాలు కొట్టడం వచ్చిన మనిషి నెలన్నరకోసారి మీ ఊరు రావాలి. ఎద్దులకు కొట్టేవాడితో ఆ పని చేయించవద్దు.